నాలుగో నంబరు వాళ్ళక్క

"మెడలు వేరుగా వేయించు. కలోంగాకి కోడి మెడలంటే ప్రాణం," అని వైసన్ ముందుగదిలోంచి కేకేశాడు.

అలినాఫె మెడలు ఎప్పుడో వేరుగా తీసి పెట్టింది. ప్రతి శనివారం తీసి పెడుతూనే ఉంది. ప్రతి శనివారం అతనూ చెబుతూనే ఉన్నాడు, తను చెప్పకపోతే ఆ మెడలు లేచి ఎటో వెళ్ళిపోతాయన్నట్టు. ఆమె చీకటితో లేచి, పెద్ద రోడ్డు దాటి, మాల్‌లోని బార్‌లో నేలలు తుడిచి, బల్లల అడుగున అంటించిన చూయింగ్ గమ్ముల్ని చాకుతో గీకి, మధ్యాహ్నానికి అలెక్స్ బస్తీలోని ఈ రెండు గదులకు తిరిగొచ్చింది. వచ్చీ రాగానే పొయ్యి దగ్గర నిలబడింది. ముందుగదిలో మగవాళ్ళు చేరారు. అందరూ మలావీ వాళ్ళే. జొహానెస్‌బర్గ్‌లో ఉండే మలావీ వాళ్ళ సంఘానికి కలోంగా అధ్యక్షుడు, వైసన్ కార్యదర్శి. శనివారం శనివారం ఇంగ్లండు క్లబ్బుల ఫుట్‌బాల్ చూస్తూ సంఘం వ్యవహారాలు మాట్లాడుకుంటారు. ఆట ఎక్కువ, వ్యవహారాలు తక్కువ, తిండి అన్నిటికన్నా ఎక్కువ.

ఈ శనివారం మాత్రం ఆమె చేతులు కోడి మీద ఉన్నాయి గానీ మనసు లేదు. మూడింటికి మలావీ ఆడవాళ్ళ జట్టు ఒక టోర్నమెంటులో దక్షిణాఫ్రికాతో ఆడుతోంది. అందులో తియామికె ఉంది. తియా ఆమె చెల్లెలు. జాతీయ జట్టు చొక్కా తొడుక్కోవడం ఇదే మొదలు. అమ్మ పోయేనాటికి తియా ఇంకా పొట్ట మీద చొక్కా నిలవని పిల్ల. దాన్ని వీపున కట్టుకునే అలినాఫె నీళ్ళు మోసింది, జొన్నలు దంచింది, బడి మానింది. ప్లాస్టిక్ సంచులు చుట్టి తాడు బిగించి బంతి చేసిచ్చిందీ ఆమే. ఆ పిల్ల ఆ బంతిని తన్నుకుంటూ తన్నుకుంటూ ఎదిగి, ఇవాళ ఎక్కడో ఒక స్టేడియంలో జాతీయగీతానికి నిలబడబోతోంది. ఆట ఫోనులో రాదు. చందా కట్టే క్రీడల చానెల్లో మాత్రమే వస్తుంది. ఆ చానెలు ఇంట్లో ఉంది. ఆ టీవీ ముందు ఆరేడుగురు మగవాళ్ళున్నారు.

"జుట్టు కత్తిరించుకుని తొడలు చూపిస్తూ గెంతే పిల్లని ఎవడు చేసుకుంటాడు?" అని తియా క్లబ్బులో చేరిన కొత్తలో అత్తగారు మలావీలోని దెద్జా నుంచి ఫోన్ చేసి మరీ అడిగింది. అప్పుడు వైసన్ తల్లినేమీ అనలేదు. "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది, నీ చెల్లెలి మంచికేగా," అన్నాడు. అదే వైసన్ పోయిన వారం తియా జట్టుకు ఎంపికైందని తెలియగానే దాని ఫోటో సంఘం గ్రూపులో పెట్టి, ‘మా ఇంటి పిల్ల’ అని రాసి, వచ్చిన అభినందనలన్నిటికీ కూర్చుని జవాబులిచ్చాడు.

అలినాఫె చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, మూడు కావస్తోంది."

"అయితే?"

"తియా ఆట. సోమవారమే అడిగాను. చూద్దాం అన్నారు."

"చూద్దాం అన్నాను గానీ, చూపిస్తానన్నానా?" అన్నాడు వైసన్, స్నేహితుల వైపు తిరిగి. వాళ్ళు నవ్వారు. నవ్వు దొరికాక అతనికి ఇంకాస్త ఊపొచ్చింది. "ఇక్కడ లీగు ఎటు తేలుతుందా అని మేం ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటే!"

"వదినా, ఆడపిల్లల ఆటలో ఏముంటుంది చెప్పు," అన్నాడు కలోంగా, పెద్దమనిషి తరహాలో. "ఒకత్తి బంతి తంతుంది, మిగతావాళ్ళు జడలు సర్దుకుంటారు. ఎవరు గెలిచారో సాయంత్రానికి ఎలాగూ తెలుస్తుంది."

"మా చెల్లెలు మొదటిసారి ఆడుతోంది, అన్నయ్యా."

"ఆ సంగతి సంఘంలో అందరికీ చెప్పిందెవరు? నేనేగా," అన్నాడు వైసన్. "సరే గానీ, ఐసు అయిపోయింది చూడు."

ఆమె ఐసు తెచ్చి పెట్టింది. అదొక్కటే తర్వాత ఆమెకు సిగ్గనిపించింది, అంత జరిగాక కూడా వెళ్ళి ఐసు తెచ్చి పెట్టడం. వంటింట్లోకి వచ్చి పొయ్యి ఆర్పింది. ఉడికిన కోడి మీద మూత పెట్టింది. పరుపు కింద దాచిన ఎర్ర చొక్కా తీసి తొడుక్కుంది. తియా పంపిందది. దాని మీద జాకెట్టు వేసుకుని గొంతు దాకా జిప్పు లాగింది. మళ్ళీ గుమ్మంలో నిలబడి, "నేను ఎక్కడైనా ఆట చూసొస్తాను," అంది, మామూలు గొంతుతోనే. సరిగ్గా అప్పుడే టీవీలో ఎవడో గోలు కొట్టాడు. మగవాళ్ళంతా ఒక్కసారి లేచి అరిచారు. ఆమె మాట ఎవరికీ వినబడలేదు. రెండోసారి చెప్పాలనిపించలేదు.

మలావీవాడే అయిన జోసోఫాట్ నడిపే బార్ రెండు వీధుల అవతలే. పేరు ‘క్వాతు’, అంటే ‘మనిల్లు’ అని. గోడ నిండా నలుపు, ఎరుపు, ఆకుపచ్చ జెండా, మలావీ సరస్సు బొమ్మ, మగవాళ్ళ జాతీయ జట్టు ఫోటోలు. ఆ జట్టు ఆడే రోజుల్లో ఇక్కడ ఇసకేస్తే రాలదు. ఆ రోజుల్లో సంఘం తరఫున వేయించిన చేపలు పెద్ద గిన్నెలో మోసుకొచ్చేది అలినాఫె. వెనక తలుపు దగ్గర ఇచ్చేసి వెళ్ళిపోయేది. ముందు తలుపులోంచి రావడం ఇదే మొదటిసారి.

"రా వదినా! అన్న ఏమైనా పంపాడా?" అన్నాడు జోసోఫాట్, గ్లాసులు తుడుస్తూ.

"లేదు తమ్ముడూ. ఆట చూడ్డానికొచ్చాను."

అతను ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూశాడు, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని. "ఎవరితో?"

"నేనే."

లోపల నాలుగు టీవీలున్నాయి. మూడింటిలో ఇంట్లో వస్తున్న ఆటే వస్తోంది. మూలనున్న నాలుగోదాన్లో గుర్రాలు పరిగెడుతున్నాయి.

"ఆ మూలదాన్లో మన ఆట పెట్టు," అంది.

"మన ఆట ఇవాళెక్కడుంది?" అన్నాడు జోసోఫాట్. ఎగతాళి కాదు, నిజంగానే తెలీదు అతనికి.

"ఉంది. ఆడవాళ్ళ జట్టు. ఈపాటికి మొదలై ఉంటుంది."

"నా గుర్రాల జోలికి రాకండి!" అన్నాడు మూల కూర్చున్నాయన. బార్ దగ్గర ఎత్తు కుర్చీలో ఉన్న ఇంకొకతను వెనక్కి తిరిగి, ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు: "అక్కా, ఇక్కడ మన దేశం ఆటలు పెడతారు."

"అది మన దేశం ఆటే."

"మన దేశం కాదక్కా. మన ఆడవాళ్ళు."

అందరూ నవ్వారు. జోసోఫాట్ కూడా నవ్వాపుకోలేక గ్లాసు వైపు తల వంచుకున్నాడు. అన్నవాడి మొహంలో చెడ్డతనం లేదు. ఉప్పు వేరు పంచదార వేరు అన్నంత తేలిగ్గా అన్నాడు. అలినాఫెకు గుచ్చుకున్నది అదే. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదేమో.

జోసోఫాట్ బల్ల మీదుగా వంగి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు వదినా. రేపు అన్న నన్ను నిలదీస్తాడు, నా భార్యని తాగేవాళ్ళ మధ్య కూర్చోబెడతావా అని. ఇంటికెళ్ళిపో తల్లీ." అంటూనే చెయ్యి ఫోను మీదికి పోనిచ్చాడు. ఎవరికి చేస్తాడో ఆమెకు తెలుసు.

బయటికొచ్చి గబగబా నడిచింది. తాగేవాళ్ళ మధ్యట. ఆ తాగేవాళ్ళే ప్రతి శనివారం ఆమె ఇంట్లో, ఆమె కుర్చీల్లో కూర్చుని, ఆమె కడిగిన గ్లాసుల్లో తాగుతారు. అక్కడ వాళ్ళ మధ్య గిన్నె పట్టుకుని తిరిగితే మర్యాద, ఇక్కడ అదే మనుషుల మధ్య కూర్చుంటే అప్రతిష్ఠ. నిలబడి ఉన్నంతసేపూ తను మంచి ఇల్లాలే. కూర్చుంటేనే వచ్చింది చిక్కంతా.

మిగిలింది మాల్‌లోని బార్. అక్కడ గోడకు రెండేసి చొప్పున టీవీలున్నాయి. వాటి మీద పడ్డ బీరు చుక్కలు, వేలిముద్రలు పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేది ఆమే. ఏ టీవీకి ఏ రిమోటో చీకట్లో కూడా చెప్పగలదు. టాక్సీ వ్యానెక్కి పెద్ద రోడ్డు దాటి వెళ్ళింది. మేనేజరు క్రెయిగ్ తలుపు దగ్గరే ఎదురయ్యాడు. ఆమె కన్నా బాగా చిన్నవాడు.

"నీ డ్యూటీ పొద్దున్నే అయిపోయిందిగా అలీనా?" అన్నాడు. ఆమె పేరు అతనికి ఏనాడూ నోరు తిరగలేదు.

"పనికి రాలేదు సర్. కూర్చోడానికొచ్చాను. ఒక కూల్‌డ్రింకు తాగి, ఆ మూల టీవీలో ఆట చూసి వెళ్ళిపోతాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "చూడు, నువ్వు మాకు ఇంటిమనిషివి. ఇంటిమనుషులు వెళ్ళి కస్టమర్ల బల్లల దగ్గర కూర్చుంటే ఎలా ఉంటుంది చెప్పు?"

"పోనీ వంటింట్లో చిన్న టీవీ ఉంది కదా సర్. అక్కడ నిలబడి చూస్తాను."

"అక్కడ నిలబడితే ఎవరో ఒకరు ఏదో ఒక పని చెప్పేస్తారు నీకు. సెలవుపూట పని చేస్తే ఆ గంటలకి జీతమివ్వడం కుదరదు. నీ మంచికే చెబుతున్నా."

నిజంగానే మంచికే చెబుతున్నానని నమ్మే మొహం అది. ఆ మొహాన్ని అలినాఫె ఎరుగును. ఇంట్లో కూడా ఒకటుంది. "సరే సర్," అంది. ఆ రెండు ముక్కలూ ఆమె అనుమతి లేకుండానే నోట్లోంచి వచ్చేశాయి, అలవాటు చొప్పున.

తిరుగు టాక్సీలో వెనక సీట్లో కూర్చుని కిటికీకి తల ఆనించింది. అక్కడ తియా పరిగెడుతుంటే ఇక్కడ తను మాల్‌కీ ఇంటికీ మధ్య పరిగెడుతోంది. ఇంటికెళ్ళి కోడి వేడి చేసి వడ్డించి, సాయంత్రం ఎవరో చెబితే వినడమేనా? రెండో స్టాపులో పసుపు పచ్చ చొక్కాలు వేసుకున్న ఆడవాళ్ళు ముగ్గురు తోసుకుంటూ ఎక్కారు. దక్షిణాఫ్రికా జట్టు రంగది.

"సగం ఆట అయిపోయుంటుంది నీ వల్ల! లిప్‌స్టిక్ పూసుకోకపోతే మొలేఫమ్మ లోపలికి రానివ్వదా నిన్ను?"

"అరవకే. ఇంకా సున్నా సున్నాయే. ఆ మలావీ పిల్లలు పట్టిన పట్టు వదలట్లేదట."

అలినాఫె కిటికీ మీంచి తల ఎత్తింది. వాళ్ళు దిగిన చోటే తనూ దిగింది. నాలుగడుగుల వెనకగా వాళ్ళ వెంట నడిచింది.

ఆ వైపు వీధుల్లోకి ఆమె ఎప్పుడూ వెళ్ళదు. మలావీ వాళ్ళెవరూ వెళ్ళరు. పోయిన నెలలోనే అక్కడి నుంచి జనం కర్రలతో ఊరేగింపుగా వచ్చారు, పరాయి దేశాల వాళ్ళంతా మూటా ముల్లే సర్దుకోవాలని. అంతకు చాలా ఏళ్ళ ముందు, పెద్ద గొడవలైనప్పుడు, దారిన పోయేవాళ్ళను ఆపి, మోచెయ్యి చూపించి దీన్ని జూలూలో ఏమంటారని అడిగేవారట. చెప్పలేనివాడు పరాయివాడు. ఆ తర్వాతేమయ్యేదో వైసన్ గొంతు తగ్గించి చెప్పేవాడు. ఈ ఊరొచ్చిన కొత్తలో అలినాఫె అన్నిటికన్నా ముందు నేర్చుకున్న మాట అదే. బస్సులో, బజారులో, టాక్సీలో నోరు మూసుకుని, ఆ ఒక్క మాటనీ నాలుక కింద పెట్టుకుని తిరిగింది ఇన్నేళ్ళూ.

మొలేఫమ్మ బార్ రేకుల షెడ్డు. ముందు ఇనుప గేటు, లోపల పెద్ద తెర. నిండా ఆడవాళ్ళే. నెలనెలా చీటీ వేసుకునే బృందమట, ఈ నెల చీటీ ఆట రోజున పెట్టుకున్నారు. పెద్ద గిన్నెల్లో ఆవు పేగుల కూర, రొట్టె. వెనక వైపు ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు బిలియర్డు ఆడుకుంటున్నారు. మొలేఫమ్మ భారీ మనిషి. గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేవాళ్ళ మొహాలు చూస్తోంది. టాక్సీలో వచ్చిన ముగ్గురి వెనక అలినాఫెను చూసి, వాళ్ళతో వచ్చిందే అనుకుని లోపలికి చెయ్యూపింది.

గోడ వారగా ఖాళీ స్టూలు దొరికింది. పక్కనున్నామె జరిగి చోటిచ్చింది. "నా పేరు పులెంగ్. నీ పేరేంటి చెల్లీ?"

"రూత్," అంది అలినాఫె. ఒక్క ముక్కలో యాస పట్టుబడదని.

తెర మీద ఎర్ర చొక్కాలు. వాటిలో నాలుగో నంబరు. తియా! ఎంత పొడుగయింది! మోకాలికి కట్టు కట్టుకుని, చెయ్యి చాచి ఎవరినో అదిలిస్తోంది. వెనకనున్న పిల్లలందరినీ అదే సర్దుతోంది. జనం వేడికీ హీటరు వేడికీ జాకెట్టు లోపల చెమటలు కారుతున్నాయి. జిప్పు కిందికి దించే ధైర్యం లేదు.

"ఆ నాలుగో నంబరుదాన్ని చూడు, గోడలా అడ్డంగా నిలబడి చస్తోంది!" అంది పులెంగ్. "దానికి తిండి ఎవరు పెట్టారో గానీ."

నేనే పెట్టాను, అనుకుంది అలినాఫె.

"అరేయ్, దాని కాలు విరగ్గొట్టండ్రా ఎవరైనా!" అని ముందు వరసలోంచి ఒకామె కేకేసింది. అందరూ నవ్వారు. అలినాఫె కూడా నవ్వినట్టు పెదవులు కదిలించింది. చెల్లెల్ని తిడుతుంటే నవ్వాల్సొచ్చింది. ఇంట్లోనూ నవ్వింది కదా, అత్తగారి మాటలకు.

రెండో సగం మొదలై కాసేపయింది. దక్షిణాఫ్రికా పిల్ల ఒకత్తి గోలుకీపర్ని కూడా దాటేసి బంతిని ఖాళీ గోలులోకి తోసింది. షెడ్డంతా లేచి నిలబడింది. బంతి దొర్లుతోంది, గీత దగ్గరికి వచ్చేసింది. ఎక్కడి నుంచి వచ్చిందో తియా నేల మీద జారుతూ వచ్చి బంతిని బయటికి తన్నేసింది.

"తియా! నా తల్లీ! నా బంగారమా!"

అరిచింది తనేనని అలినాఫెకు ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు. లేచి నిలబడి ఉంది. చిచేవాలో అరిచింది, తల్లి భాషలో. పసుపు పచ్చ చొక్కాలన్నీ తిరిగి ఆమె వైపు చూస్తున్నాయి.

బిలియర్డు బల్ల దగ్గరున్న మగవాళ్ళలో ఒకడు చేతిలో కర్రతోనే ముందుకొచ్చాడు. "అదేం భాష? క్వెరెక్వెరెవా నువ్వు?" పరాయి దేశపు వాళ్ళను అవమానించేందుకు వాడే మాట అది. అలినాఫె ఎదుట నిలబడి, మోచెయ్యి మడిచి ఆమె మొహం ముందు పెట్టాడు. "దీన్నేమంటారు? చెప్పు."

జూలూ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇన్నేళ్ళూ దాచుకున్నది ఈ ఒక్క నిమిషం కోసమే. చెప్పేస్తే బయటపడొచ్చు, తల వంచుకుని గేటు దాటి పోవచ్చు. అలినాఫె అందరి ముందూ జాకెట్టు జిప్పు కిందికి లాగింది. ఎర్ర చొక్కా బయటపడింది.

"చిగోంగోనో అంటారు," అంది. "మా భాషలో. నా పేరు రూత్ కాదు, అలినాఫె. ఆ నాలుగో నంబరు పిల్ల నా చెల్లెలు. దాన్ని నేనే పెంచాను. ఆట చూడ్డానికి ఊరంతా తిరిగాను. నా ఇంట్లో చోటు దొరకలేదు, మా వాళ్ళ బార్లో చోటు దొరకలేదు, నేను పనిచేసే చోట దొరకలేదు. ఇక్కడ కూడా లేదంటే చెప్పండి, పోతాను. కర్ర మాత్రం కిందకి దించమనండి."

ముందు వరసలో ఒకామె తన కుర్చీని చప్పుడు చేస్తూ ఇంకాస్త దూరం జరుపుకుంది. గేటు దగ్గర్నుంచి మొలేఫమ్మ లేచి వచ్చింది.

"నా బార్లో పరీక్షలు పెట్టే మేష్టారు ఎప్పుడయ్యావురా నువ్వు?" అంది ఆ మగవాడితో. "కర్ర బల్ల మీద పెట్టు. పెట్టి నీ పోయినవారం బాకీ సంగతి చూడు ముందు." వాడు గొణుగుతూ వెనక్కి తగ్గాడు. మొలేఫమ్మ అలినాఫెను కిందా పైనా చూసింది. మొహంలో నవ్వు లేదు. "అది నీ చెల్లెలా? సొంత చెల్లెలా? అయితే దానికి ఫోన్ చేసి చెప్పు, మా పిల్లని కాస్త వదిలిపెట్టమని. ఇందాకట్నుంచీ నా బీపీ పెంచేస్తోంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. పులెంగ్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అలినాఫె! ఎంచక్కటి పేరుండగా రూత్ ఎందుకే నీకు?" అని, రొట్టెముక్కలో కూర పెట్టి చేతికిచ్చింది. "తిను. మీ చెల్లెలి కాలు విరగాలనే నా కోరిక మాత్రం మారదు, ముందే చెబుతున్నా."

కాసేపటికి మలావీ గోలు కొట్టింది. షెడ్డు మొత్తానికి ఎగిరి గంతేసింది అలినాఫె ఒక్కతే. "దానికింక రొట్టె పెట్టకండి!" అని ముందు వరస నుంచి కేక వచ్చింది. కుర్చీ జరుపుకున్నామె మాత్రం ఆట అయ్యేదాకా ఇటు తిరగలేదు.

జేబులో ఫోను మోగింది. వైసన్.

"ఎక్కడున్నావో తెలుస్తోందా నీకు? జోసోఫాట్ చెబితే ఊరంతా వెతికాను. టాక్సీ వాడు చెప్పాడు నువ్విక్కడ దిగావని. చెప్పాపెట్టకుండా పోతావా?"

"గుమ్మంలో నిలబడి చెప్పే వెళ్ళాను."

"గేటు దగ్గరున్నాను. బయటికి రా."

తలెత్తి చూసింది. ఇనుప గేటుకు అవతల, రోడ్డుకు ఆ పక్కన, వైసన్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇంట్లో గది నిండా పరుచుకునే మనిషి అక్కడ భుజాలు ముడుచుకుని ఇంత చిన్నగా అయిపోయాడు. దారిన పోయేవాళ్ళ వైపు దొంగచూపులు చూస్తున్నాడు.

"ఆట అవలేదు," అంది. "మీరే రండి లోపలికి."

"లోపలికా?" అతని గొంతు సన్నబడింది. "పిచ్చెక్కిందా? వాళ్ళంతా ఎవరు? నా యాస వింటే నన్ను… గట్టిగా మాట్లాడకు, వింటారు."

అలినాఫె ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అతని వైపు చూస్తూ ఉండిపోయింది. ఈ భయాన్ని ఆమె ఎరుగును, తన ఒంటి మీది పుట్టుమచ్చను ఎరిగినట్టు. రోజూ చీకటితో టాక్సీ ఎక్కేటప్పుడు, చిల్లర ముందుకి అందించేటప్పుడు, ఎవరైనా ఏదైనా అడిగితే చెవిటిదానిలా నవ్వేటప్పుడు తోడుగా వచ్చేది ఇదే. కంపెనీ వ్యాను నడుపుకుంటూ పోయే వైసన్‌కి ఆ సంగతి చెబితే, "భయపడితే బతుకెలా? తల వంచుకుని పో," అనేవాడు. ఇవాళ తల వంచుకుని గోడకు ఆనుకున్నాడు. ఆమెకు జాలేసింది. కోపం కూడా వచ్చింది. ఆ రెండూ ఒకదాన్నొకటి తినెయ్యలేదు, పక్కపక్కనే ఉండిపోయాయి.

"ఎవరా గోడ దగ్గర? ఇందాకట్నుంచి తొంగి తొంగి చూస్తున్నాడు," అంది మొలేఫమ్మ.

"మా ఆయన."

"లోపలికి రమ్మను. కుర్చీ వేయిస్తా."

"రమ్మన్నాను. రాడట. భయం."

మొలేఫమ్మ గేటు వైపు చూసింది, ఆమె వైపు చూసింది. "నీకు లేదా?"

"ఉంది," అంది అలినాఫె. "ఆట ఇక్కడే ఉంది కదా మరి."

మొలేఫమ్మ తన కుర్చీ లాక్కొచ్చి ఆమె పక్కనే వేసుకుని కూర్చుంది.

దక్షిణాఫ్రికా వాళ్ళు ఒక గోలు తిరిగిచ్చేశారు. ఆఖరి నిమిషాల్లో ఎత్తుగా వచ్చిన బంతికి తియా ఎగిరింది. వెనకున్న దక్షిణాఫ్రికా పిల్ల ఇంకా పైకి ఎగిరింది. బంతి వలలో పడింది. షెడ్డు కప్పు లేచిపోయింది. పసుపు పచ్చ చొక్కాలు కౌగిలించుకుని గంతులేస్తుంటే, తెర మీద తియా గడ్డిలో చతికిలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. అలినాఫె ఏడ్చింది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ, ఇంట్లో ఎప్పుడూ ఏడవనంత గట్టిగా ఏడ్చింది. పులెంగ్ గంతులాపి వచ్చి వీపు నిమిరింది.

"ఏడువు, ఏడువు, ఓడినప్పుడు ఏడవకపోతే ఆటెందుకు," అంది మొలేఫమ్మ. "బుధవారం మీ వాళ్ళు ఇంకెవరితోనో ఆడాలి. ఆ రోజు మేం మీ వైపే. జాకెట్టు లేకుండా రా."

బయటికొచ్చేసరికి నీరెండ. వైసన్ అక్కడే ఉన్నాడు. ముందు నడిచాడు. ఆమె వెనక నడవలేదు, పక్కనే నడిచింది. ఆ వీధులు దాటి, తమ వాళ్ళుండే వైపు తిరిగాక గానీ అతను నోరు విప్పలేదు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"నేను గేటు బయట నిలబడ్డ సంగతి…" అన్నాడు నేల చూస్తూ. "కలోంగా వాళ్ళకి చెప్పకు."

"చెప్పను."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు మెల్లగా మామూలు వెడల్పుకి వచ్చాయి.

"బుధవారం తియాకి మళ్ళీ ఆట ఉంది," అంది అలినాఫె. "వెళతాను."

"బుధవారమా? బుధవారం సంఘం కమిటీ మనింట్లో! పది మంది వస్తారు. నువ్వు పోయి అక్కడ కూర్చుంటే వాళ్ళకి వండేదెవరు? పెట్టేదెవరు?"

ఆమె ఆగలేదు, అతని వైపు తిరగలేదు, గొంతు పెంచలేదు.

"ఇంట్లో మీరున్నారుగా," అంది.